ఈశాన్యం చూసిన డిష్షులు

గొడుగుపాడు మున్సిపాలిటీ పద్నాలుగో వార్డులో ఫోటోఫ్రేముల షాపు నడుపుకునే ఆదివిష్ణు భార్య మంగతాయారు టీవీలో కనబడబోతోందన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు ఆమే వెళ్ళి చెప్పింది.

వంటల కార్యక్రమం వాళ్ళు పక్క ఊళ్ళో కల్యాణమండపం అద్దెకు తీసుకుని షూటింగు పెట్టినప్పుడు ఆమె వెళ్ళి ఆవపెట్టిన పనసపొట్టు కూర వండి వచ్చింది. ఆదివిష్ణు చెయ్యవలసిందల్లా పక్కన నిలబడి, రుచి చూసి, "అద్భుతం" అనడం. మొహానికి పౌడరు రాసి, మీద దీపాలు పెట్టేసరికి ఆ ఒక్క మాటా అతనికి నోరు తిరగలేదు. ఒకసారి గట్టిగా, ఒకసారి నీరసంగా, ఒకసారి ఏడుపు గొంతుతో అన్నాడు. చివరికి వాటిలో ఏ అద్భుతాన్ని ఉంచారో అతనికి తెలియదు. ఆ కార్యక్రమం వచ్చే ఆదివారం మధ్యాహ్నం ప్రసారమవుతుంది.

అదే రోజు, అదే మండపానికి, మంగతాయారు తోటికోడలు ధనకుమారి కూడా గుత్తివంకాయతో వెళ్ళింది. ఆమెను తీసుకోలేదు. "మంగ వండింది నిజమే గానీ, టీవీలో వేత్తారో వెయ్యరో" అని ఆమె నలుగురి దగ్గరా అన్నట్టు కబురొచ్చింది. అందుకని మంగతాయారు స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, బొట్టు పెట్టి మరీ ఆదివారం భోజనానికి పిలిచింది. ఫోన్లో చూసుకోవచ్చు కదా అన్నవాళ్ళతో, ఆ చానెల్ వాళ్ళు ఫోన్లలో పెట్టరని, పెట్టినా అరచేతంత తెర మీద ఆవ ఏం కనబడుతుందని చెప్పింది.

ఇంతలో ఈదురుగాలి వీచింది. మర్నాడు పొద్దున టీవీ పెడితే బొమ్మంతా గళ్ళుగళ్ళుగా విడిపోయింది. వార్తలు చదివే అమ్మాయి నోరు చెవి దగ్గరికి పోయి అక్కణ్ణుంచే మాట్లాడుతోంది. ఆదివిష్ణు అందరూ చేసేదే చేశాడు. సెట్‌టాప్ బాక్సు ఆపి మళ్ళీ పెట్టాడు. కార్డు బయటికి తీసి లుంగీకి తుడిచి లోపల పెట్టాడు. వైరు లాగి బిగించాడు. బాక్సు నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. అమ్మాయి నోరు రెండో చెవి దగ్గరికి వెళ్ళింది గానీ సొంత చోటికి రాలేదు.

గాలికి డిష్షు పక్కకి తిరిగుంటుందని మంగతాయారు అంది. అతను పానా తీసుకుని డాబా ఎక్కాడు. డిష్షు మీద చెయ్యి వెయ్యబోతుంటే పక్క డాబా మీద వడియాలు పెడుతున్న రాఘవమ్మ కంగారుగా ఆపింది. నిన్న మైకు ఆటో తిరిగిందట. పైకప్పుల క్రమశిక్షణ పక్షోత్సవాలు జరుగుతున్నాయట. నీళ్ళ ట్యాంకు గానీ, డిష్షు గానీ, ఆరేసిన మిరపకాయలు గానీ, పైకప్పు మీదున్న ఏ వస్తువునీ మున్సిపాలిటీ అనుమతి లేకుండా కదపకూడదట. "ఈ వడియాలు ఆటో రాకముందే పెట్టేశాను. ఇప్పుడు తియ్యడానికి లేదంట. ఆటో వచ్చేదాకా ఉంచాలో, వానొచ్చేదాకా ఉంచాలో తెలవట్లేదు" అని ఆవిడ వాపోయింది.

చేసేది లేక మంగతాయారు మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది.

ఆ ఊరికి కొత్తగా వచ్చిన కమిషనర్ గారికి వాస్తు మీద అపారమైన నమ్మకం. ఆయన వస్తూనే ఆఫీసు సింహద్వారం గోడ కట్టించి మూసేసి, ఈశాన్యం మూల కుళాయి పక్కన ప్రహరీకి కంత కొట్టించారు. ఉద్యోగులు, ప్రజలు, అప్పుడప్పుడు వచ్చే మంత్రులు అందరూ ఆ కంతలోంచే వంగి, కుళాయి నీళ్ళు తొక్కుకుంటూ లోపలికి వెళ్ళాలి. మంగతాయారు కూడా అలాగే తడిసిన కుచ్చిళ్ళతో వెళ్ళి, పైకప్పుల నోడల్ అధికారి చిదంబరేశ్వర్రావు ముందు నిలబడింది.

డిష్షు రవ్వంత కదపడానికి అనుమతి కావాలని చెప్పింది. ఎటు కదపాలని ఆయన అడిగాడు.

"ఎటు తిప్పితే బొమ్మొత్తాదో అటండి."

"బొమ్మ వచ్చే వైపు అనే దిక్కు మార్గదర్శకాల్లో లేదమ్మా. దిక్కులు నాలుగు, మూలలు నాలుగు. వాటిలో ఒకదాన్ని పేర్కొనవలసి ఉంటుంది. ప్రస్తుతం మీ డిష్షు ఏ దిక్కుకు అభిముఖంగా ఉన్నది?"

ఆమెకు తెలియదు. తెలియని దిక్కు నుంచి చెప్పలేని దిక్కుకు మార్చడం సాంకేతికంగా కుదరదని, క్షేత్రస్థాయి పరిశీలన అనివార్యమని ఆయన చెప్పాడు. ఆ మధ్యాహ్నమే దిక్సూచి పట్టుకుని ఆమె వెంట వచ్చి డాబా ఎక్కాడు. దిక్సూచిని డిష్షు పక్కన పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు. తర్వాత తలెత్తి చుట్టుపక్కల డాబాలన్నీ కలియజూశాడు. రాఘవమ్మ డిష్షూ, దాని వెనక డిష్షూ, సినిమాహాలు దాకా కనబడే డిష్షులన్నీ ఒకే వైపు మొహాలెత్తి ఉన్నాయి. ఆయన మొహంలో రంగు పోయింది. మంగతాయారు మంచినీళ్ళు ఇస్తే తాగి, "దక్షిణం" అన్నాడు. ఆ వెంటనే కమిషనర్ గారికి ఫోన్ చేశాడు.

కమిషనర్ గారు వచ్చి డాబా ఎక్కారు. ఊరినంతా ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశారు. ఆస్తిపన్ను ఎందుకు వసూలు కావడం లేదో, డ్రైనేజీ పనులు ఎందుకు ముందుకు సాగడం లేదో, ఎంత పొగ వదిలినా దోమలు ఎందుకు పెరుగుతున్నాయో ఆయనకు ఒక్కసారిగా అర్థమైపోయింది.

"యమధర్మరాజు గారి దిక్కు నుంచి వచ్చే కిరణాలను మనం ఇంటింటా గిన్నె పెట్టి పట్టుకుంటున్నాం. ఇక ఊరు ఎలా బాగుపడుతుంది?" అన్నారాయన.

శాటిలైటు అటువైపే ఉంటుందట కదా అని మంగతాయారు భయపడుతూనే అడిగింది.

కమిషనర్ గారు ఓపికగా విన్నారు. "చూడమ్మా. ఉపగ్రహం మున్సిపాలిటీ పరిధిలో లేదు. డిష్షు మున్సిపాలిటీ పరిధిలో ఉంది. ముందు మన పరిధిలో ఉన్నదాన్ని మనం సరిచేసుకుందాం. ఉపగ్రహం సంగతి దాని పైఅధికారులు చూసుకుంటారు."

మర్నాడు ఉత్తర్వులు వెలువడ్డాయి. పట్టణంలోని డిష్షులన్నిటినీ ఈశాన్యానికి తిప్పే కార్యక్రమం యుద్ధప్రాతిపదికన మొదలైంది. కాలవలు తీసేవాళ్ళను, వీధిలైట్లు వేసేవాళ్ళను పానాలతో డాబాలు ఎక్కించారు. తిప్పిన ప్రతి డిష్షుకీ పసుపు రాసి బొట్టు పెట్టి, మళ్ళీ ఎవరూ తిప్పకుండా బోల్టుల మీద లక్కముద్ర వేశారు. మొట్టమొదటి డిష్షు మంగతాయారుదే. ఫిర్యాదుదారుకు ప్రాధాన్యం ఇవ్వడం తమ విధానమని చిదంబరేశ్వర్రావు చెప్పి, కొబ్బరికాయ ఆమె చేతే కొట్టించాడు. మొహమాటానికి కొట్టింది గానీ, టెంకాయ పగలగానే కింద హాల్లోంచి ఆదివిష్ణు గొంతు వినబడింది. టీవీలో ఇప్పుడు గళ్ళు కూడా లేవని, నల్లగా ఉందని అతను చెప్పాడు.

"గళ్ళు పోయాయి కదా" అన్నాడు చిదంబరేశ్వర్రావు.

"గళ్ళు పోయినియ్యండి. బొమ్మ కూడా పోయింది."

"మీ ఫిర్యాదు గళ్ళ గురించేనమ్మా. అది సంతృప్తికరంగా పరిష్కరించబడింది."

సాయంత్రానికి గొడుగుపాడులో ఒక్క టీవీ కూడా పలకలేదు. వీధిలో ఆడవాళ్ళు మంగతాయారుతో మాట్లాడడం మానేశారు. హాయిగా నడుస్తున్న సీరియల్ను చేజేతులా ఆపించిందని రాఘవమ్మ గోడ ఇవతలికి వినబడేలా గోడ అవతల అంది. ధనకుమారి మాత్రం మనిషి చేత కబురు పంపింది. టీవీ లేకపోయినా ఆదివారం భోజనం ఉంటుందా అని. మంగతాయారుకు ఆ రోజు అన్నం సహించలేదు. తిట్టినవాళ్ళ మీద కంటే, మర్యాదగా అడిగిన ధనకుమారి మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

ప్రజల్లో అసంతృప్తి ఉందని కమిషనర్ గారి దృష్టికి వెళ్ళింది. ఈశాన్యపు శుభఫలితాలు అందడానికి కొంత వ్యవధి పడుతుందని, ఈలోగా ప్రజలకు వినోదం కొరవడకుండా ఇంటింటికీ మౌఖిక ప్రసార సేవలు అందించాలని ఆయన నిర్ణయించారు. అంటే మున్సిపల్ సిబ్బంది సాయంత్రం వీధిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆ రోజు సీరియల్లో ఏం జరిగిందో చెప్పాలి. పద్నాలుగో వార్డుకు బిల్ కలెక్టర్ గవర్రాజును వేశారు. పక్క ఊళ్ళో ఉన్న బావమరిది సీరియల్ చూసి ఫోన్లో చెబితే, గవర్రాజు దాన్ని వీధికి చెప్పేవాడు.

మొదటి రోజు జనం ముక్కున వేలేసుకున్నారు. రెండో రోజు పీటలు తెచ్చుకున్నారు. గవర్రాజు కథ బాగానే చెప్పేవాడు గానీ, వృత్తి అతన్ని వదల్లేదు. అతని కథలో దుష్టురాలైన అత్తగారు ఆరేళ్ళుగా నీటిపన్ను ఎగ్గొడుతూ వచ్చింది. కోడలు నగలమ్మి ఆ బకాయి కట్టేశాక అత్తగారి మనసు మారి ఇద్దరూ కౌగిలించుకున్నారు. రాఘవమ్మ కళ్ళొత్తుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తన బకాయి కట్టొచ్చింది. ఈశాన్యం పని చెయ్యడం మొదలుపెట్టిందని ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు.

చిక్కల్లా పదిహేనో వార్డుతో వచ్చింది. అక్కడ కథ చెప్పే శానిటరీ మేస్త్రీ తొందర మనిషి. త్వరగా ఇంటికి పోవాలని కథానాయకుణ్ణి లారీ కింద పడేసి ముగించేశాడు. గవర్రాజు కథలో అదే సాయంత్రం ఆ కథానాయకుడు పెళ్ళిచూపుల్లో ఉన్నాడు. రెండు వార్డుల మధ్య తగవు వచ్చి, పంచాయితీ చిదంబరేశ్వర్రావు దాకా వెళ్ళింది. ఆయన ఇరుపక్షాలనూ సావధానంగా విని, సదరు కథానాయకుడు పద్నాలుగో వార్డు పరిధిలో జీవించి ఉన్నట్టుగాను, పదిహేనో వార్డు పరిధిలో మరణించినట్టుగాను పరిగణించాలని తేల్చాడు. రెండు వార్డులకూ ఉమ్మడిగా ఉన్న రోడ్డు మీద అతని పరిస్థితి ఏమిటని ఎవరో అడిగితే, ఆ రోడ్డు ఆర్ అండ్ బీ వారిదని చెప్పాడు.

శనివారం సాయంత్రం కథ అయ్యాక, ఆదివారం వంటల కార్యక్రమాన్ని కూడా తానే చెబుతానని గవర్రాజు మంగతాయారుకు మాట ఇచ్చాడు. ఎలా చెబుతావని ఆమె అడిగింది. మంగతాయారు గారు మూకుడు పెట్టారు, నూనె పోశారు, పన్ను కట్టిన నీళ్ళతో పొట్టు ఉడికించారు అని మొదలుపెట్టాడు. ఆమె వద్దంది. తాను వండింది తనకు తెలుసని, వండుతున్నప్పుడు తానెలా ఉందో ఒక్కసారి కళ్ళతో చూసుకోవాలని ఉందని చెప్పింది. చెబుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

గవర్రాజు మెత్తని మనిషి. "ఊరుకోండమ్మా. రేపు బంగళాలో అమ్మగారు చూత్తారు కదా. మీరెలా ఉన్నారో ఆరినడిగి చెప్తాను" అన్నాడు.

ఏ అమ్మగారని మంగతాయారు అడిగింది. గవర్రాజు నాలిక్కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. బావమరిది పనిలో ఉన్న రోజుల్లో గవర్రాజుకు కథ చెబుతున్నది కమిషనర్ గారి భార్యేనట. ఆయన బంగళా మీది డిష్షు ఒక్కటీ ఇంకా దక్షిణం వైపే ఉందట.

"తప్పుగా అనుకోకండమ్మా. అది పరిశోధన కోసం ఉంచారండి. దక్షిణం వల్ల ఏఏ చెడ్డలు జరుగుతాయో కనిపెట్టాలంటే ఒక డిష్షయినా అటుండాలి కదండి. పాపం, ఊరందరి తరఫునా అయ్యగారొక్కరే అనుభవిత్తన్నారు."

మంగతాయారు తిన్నగా ఇంటికి వచ్చింది. వస్తూనే ఆదివిష్ణును పిలిచి, మార్కెట్టుకెళ్ళి పెద్ద పనసకాయ ఒకటి పట్టుకు రమ్మంది. ధనకుమారి వాళ్ళతో కలిపి నలుగురమే కదా, అంత పెద్దదెందుకని అతను అడిగాడు. రేపు చాలామంది తింటారని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం కమిషనర్ గారు లుంగీ కట్టుకుని సోఫాలో పడుకుని టీవీ చూస్తుండగా గేటు చప్పుడైంది. బయట పద్నాలుగో వార్డు నిలబడి ఉంది. ముందు మంగతాయారు, ఆమె వెనక కూర గంగాళం మోస్తూ ఆదివిష్ణు, గవర్రాజు, ఆ వెనక పీటలు చంకన పెట్టుకుని రాఘవమ్మ, మిగతా వీధి. పట్టుచీర కట్టుకుని ధనకుమారి కూడా వచ్చింది.

విషయం ఏమిటని కమిషనర్ గారు అడిగారు.

"తవరొక్కరే దక్షిణం బాధలు పడతన్నారని తెలిసిందండి. వినగానే మనసాగలేదు. మా కోసమేగదండి ఇదంతా. అందుకని మా వంతు బాధ మేమూ పడదామని వచ్చామండి" అంది మంగతాయారు.

కమిషనర్ గారు వెనక్కి తిరిగి చూశారు. అలాంటిదేమీ లేదనడానికి వీల్లేదు, వెనక టీవీ మోగుతోంది. లోపలికి రావద్దంటే బాధలు లేవని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన ఆలోచించేలోపే ఆయన భార్య బయటికి వచ్చి, మంగతాయారు మొహం చూసి, ఇప్పుడే నీ పేరు వేశారు, త్వరగా రామ్మా అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

గోడంత టీవీ. ఒక్క గడి లేదు. ఆ తెర మీద మంగతాయారు మూకుడు ముందు నిలబడి ఉంది. హాల్లో కూర్చున్న మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. షూటింగు రోజు కాళ్ళూ చేతులూ వణికిపోయాయని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది. తెర మీది మనిషి చెయ్యి ఎక్కడా వణకలేదు. పోపు వేసి, చింతపండు పులుసు పోసి, మగ్గనిచ్చి, దించి చల్లారాక ఆవ కలిపి, ఎవరో అడిగినదానికి నవ్వుతూ జవాబు చెప్పింది. తాను ఇంత నిబ్బరంగా ఉంటానని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆదివిష్ణు అద్భుతాల్లో ఏడుపు గొంతుదే ఉంచారు. ఆవ ఘాటు నషాళానికంటి కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతుండగా అతను "అద్భుతం" అన్నాడు. పెళ్ళాం వంటకు మొగుడు అంతగా కరిగిపోవడం ఎక్కడా చూడలేదని కమిషనర్ గారి భార్య తన భర్త వంక చూసి అంది. గంగాళం మూత తీశారు. పొట్టు ఇంకాస్త మగ్గితే బాగుండేదని చెప్పి ధనకుమారి రెండోసారి వడ్డించుకుంది.

కార్యక్రమం అయ్యాక కమిషనర్ గారు చిదంబరేశ్వర్రావును పిలిపించారు. వచ్చినది బాధలు పడడానికి కాబట్టి, పడ్డ బాధలేమిటో ఒక్కొక్కరే చెప్పాలన్నారు. జనం మొహమొహాలు చూసుకుని, ఆయన్ను నొప్పించడం ఇష్టం లేక, తలా ఒకటి చెప్పారు. రాఘవమ్మకు నడుం పట్టేసింది. గవర్రాజుకు ఆవ పొలమారింది. ఎవరివో చెప్పులు మారిపోయాయి. ఆదివిష్ణు బాగా ఆలోచించి, టీవీలో తన ముక్కు లావుగా కనబడిందని చెప్పాడు. దక్షిణ దోషం నిర్ద్వంద్వంగా రుజువైందని చిదంబరేశ్వర్రావు ప్రకటించాడు.

అయితే మర్నాడు సాయంత్రం సీరియల్ వేళకు పద్నాలుగో వార్డు మళ్ళీ బాధపడడానికి వచ్చింది. ఆ మర్నాడు పదిహేనో వార్డు కూడా వచ్చింది. కథానాయకుడు బతికే ఉన్నాడని చూసి వాళ్ళు చేసిన సంబరానికి బంగళా కిటికీ అద్దం పగిలింది. వారం తిరిగేసరికి కమిషనర్ గారికి తన సోఫాలో తనకు చోటు లేకుండా పోయింది. ఊరందరికీ కాఫీలు కలపడం ఇక తన వల్ల కాదని, కావాలంటే ఆ ఈశాన్యం వచ్చి కలుపుతుందేమో కనుక్కోమని భార్య తెగేసి చెప్పింది.

దాంతో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. పట్టణంలోని డిష్షులన్నీ యథాప్రకారం ఈశాన్య ముఖంగానే ఉండాలి. అయితే దక్షిణ బాధలను ఎవరింట్లో వారే స్వచ్ఛందంగా, స్వంత పూచీ మీద అనుభవించదలచిన పౌరులు ఆఫీసుకు వచ్చి, తమ అర్హతను అధికారి ముందు నిరూపించుకుంటే, డిష్షును దక్షిణానికి తిప్పుకోవడానికి అనుమతి ఇవ్వబడుతుంది.

ఆ పొద్దున ఈశాన్యం కంత దగ్గర మొదలైన వరస బస్టాండు దాకా పోయింది. మంగతాయారు వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చిదంబరేశ్వర్రావు ఆమెను గుర్తుపట్టనట్టే పేరు, వార్డు అడిగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"బాధలు భరించిన పూర్వానుభవం ఏమైనా ఉన్నదా అమ్మా?"

"ఈ ఆపీసుకి వత్తానే ఉన్నాను కదండి" అంది మంగతాయారు.

ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టేశాడు.